బీమ్ మీద పిల్ల, కింద నేను

శ్రీమతికి,

ఇక్కడ నేనూ, మన పిడుగూ కులాసా. నువ్వు కూడా వేళకు తింటూ, ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ముందు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. పిడుగు జుట్టు కత్తిరించలేదు. నేనే జడ వేస్తున్నాను, వంకరపోయిందని రోజూ తిట్లు తింటున్నాను. మీ ఆస్పత్రిలో ఆ కొత్త హెడ్ నర్సు నీ మీద కస్సుబుస్సులాడటం మానిందా?

జిమ్నాస్టిక్స్ క్లాసు సంగతి అడిగావు. ఈమధ్య పిల్లలకు బీమ్ మీద చోటు చూసుకోవడమే నేర్పిస్తున్నాను. బెత్తెడు వెడల్పు చెక్క, చివర దాటితే గాలే. వెనక్కి పల్టీ కొట్టేవాళ్లకు వీపున కళ్లుండవు కదా! అందుకే "వెనక ఎంతుంది?" అని అడుగుతుంటాను. చిన్నపిల్లలు "బోలెడుంది సర్!" అంటారు. చూస్తే మడమ అంచునే ఉంటుంది. పైగా భయపడ్డ పిల్లకు అడుగు చిన్నదవుతుంది. రోజూ ఆ చివరిదాకా నడిచే పిల్ల పోటీ రోజున మధ్యలోనే తేలుతుంది. అక్కడినుంచి వెనక్కి రెండు పల్టీలు కొడితే, రెండోదానికి కింద చెక్క ఉండదు. అలాంటప్పుడు ఆగి, చోటు చూసుకుని, ఇంకాస్త ముందుకు జరిగి మొదలుపెట్టమంటాను. ఈ పాఠం అందరికంటే బాగా పట్టుకున్నది మన పిల్లే.

జట్టు ఎంపిక పోటీ ఏమైందని అడిగావు. ఫోన్‌లో అడిగినప్పుడు మాట మార్చేశాను. ఇప్పుడు చెప్తాను, మొత్తం చదివాకే తిట్టు.

ఆరోజు హాలు కిక్కిరిసి ఉంది. పిడుగు బీమ్ ఎక్కింది. మొదటి గెంతే పొట్టిగా పడింది. తర్వాతి అడుగులూ చిన్నవే. మధ్యలో ఆగి చేతులు పైకెత్తింది. వెనక రెండు పల్టీలకు సరిపడా చెక్క లేదు. కోచ్ నోరు విప్పితే మార్కులు పోతాయని నాకు తెలియనిదా? పిల్ల ఊపిరి పీల్చింది. బరువు మడమల మీదికి వెళ్తున్నట్టు అనిపించింది.

"జరుగు! ముందుకు జరుగు!"

హాలంతా మారుమోగేలా అరిచాను. పిల్ల అదిరిపడి నా వైపు చూసింది. కాలు జారి మ్యాట్ మీద పడింది. దెబ్బ తగల్లేదు, ఒట్టు. మళ్లీ ఎక్కి పూర్తి చేసింది కూడా. కానీ జట్టులో చోటు పోయింది.

బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేనే కదిపాను.

"పడిపోతావేమోనని అరిచానమ్మా."

"నేనెందుకు ఆగాననుకున్నావు? చోటు చాలదని తెలిసే ఆగాను. జరగబోతున్నాను నాన్నా. నేర్పింది నువ్వే, నమ్మనిదీ నువ్వే."

ఆ తర్వాత క్లాసుకు రావడం మానేసింది. నీతో ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడింది అందుకే, తలనొప్పి వల్ల కాదు. నిన్న సాయంత్రం పిల్లలందరూ వెళ్లిపోయాక తనంతట తనే వచ్చింది.

"నువ్వు గోడ వైపు తిరిగి నిలబడితే చేస్తాను," అంది.

తిరిగాను. పెచ్చులూడిన గోడ ముక్కుకు ఆనేంత దగ్గరగా ఉంది. వెనక అడుగుల చప్పుడు. ఆగింది. ఎంతకీ కదలదు. బీమ్ మీద ఎక్కడుందో, వెనక ఎంత మిగిలిందో నాకేమీ తెలియదు. అరుపు గొంతుదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాను. మెల్లగా ఒక అడుగు వినిపించింది. తర్వాత చెక్క మీద అరచేతులు, పాదాలు. మళ్లీ అరచేతులు, మళ్లీ పాదాలు. అంతే, నిశ్శబ్దం.

"ఇక తిరుగు."

బీమ్ మీదే ఉంది. మడమల వెనక రెండు వేళ్ల చెక్క మిగిలింది. నవ్వలేదు. "సరిపోయింది," అని మాత్రం అంది.

వేసవి తర్వాత మళ్లీ ఎంపిక పోటీలున్నాయి. ఈసారి బీమ్ దగ్గర వేరే కోచ్ నిలబడాలట, నేను పైన జనంలో కూర్చోవాలట. సరేనన్నాను. అన్నానే గానీ నా మీద నాకే నమ్మకం లేదు. ఎలాగైనా సెలవు పెట్టి రా. నా పక్కన కూర్చో. నేను నోరు తెరవబోతే గట్టిగా మూసెయ్.

ఇట్లు,
మీ ఆయన