అయస్కాంతానికి అంటుకున్న హ్యాండిల్

ఏవండీ,

మీ సంవత్సరీకం సోమవారం అయిపోయింది. నిన్న బుధవారం నుంచి బందరులో మన సైకిలు షాపు నేనే తెరుస్తున్నాను.

ఈ ఉదయం చేపలమ్మే వెంకటేశ్వర్లు వచ్చాడు. "ఎలాయ్ రిమ్మని చెబితే వేరేచోట కొన్నానండి అక్కయ్యగారూ. మూడు నెలలకే ఉప్పుగాలికి తుప్పెక్కింది" అన్నాడు. మీరు చెప్పే మాటే చెప్పాను. "ఎలాయ్ అంటే కలిపిన లోహం, అంతే. స్టీలూ కలిపిందే. నీక్కావలసింది మన సత్తు గిన్నెల్లాంటి సత్తు రిమ్ము, అదే అల్యూమినియంది. పేరు నమ్మకు, అయస్కాంతం పెట్టి చూడు. ఇనుమైతే అంటుకుంటుంది."

పాత రేడియో స్పీకర్లోంచి మీరు ఊడదీసిన అయస్కాంతం అలా ఆనించానో లేదో, రిమ్ముకి టక్కున అంటుకుంది. పాపం, అతని మొహం చిన్నబోయింది. టీ ఇప్పించి, సత్తు రిమ్ము వెతికి బిగించి పంపాను.

తర్వాత నా సైకిలు మీద చూపు పడింది. కొన్నప్పుడు ఎలాయ్ హ్యాండిలే కావాలని నేను పేచీ పెడితే, "ఎలాయే, తుప్పు పట్టదు" అన్నారు. నిజంగానే ఇన్నేళ్లూ పట్టలేదు. ఈ ఏడాదే మచ్చలు మొదలయ్యాయి. అయస్కాంతం పెట్టి చూశాను. అంటుకుంది.

అంత అబద్ధం ఎలా ఆడారండీ?

ప్రతి ఆదివారం మీరు నూనెగుడ్డతో ఆ హ్యాండిల్ తుడుస్తూ కూర్చుంటే, వేరే పనేం లేదా అని విసుక్కునేదాన్ని.

ఇవాళ గురువారమే. అయినా ఆ గుడ్డ వెతికి తీసి, తుడిచాను.