పిట్ట ముట్టింది

మాల్టా దీవి,
జనవరి, 1983.

వదినెకు దండం.

అన్న ఓడ మునిగిన కాడికి కంపెనోళ్లు నన్ను తోల్కచ్చిండ్రు. ఎండకాలం ఇక్కడ మన నర్సంపేట అంగడి లెక్క కిటకిటలాడుతదట. ఇప్పుడు హోటళ్లన్నీ బందు, ఒడ్డున మనిషి లేడు. శవం దొరకలే.

నువ్వేమో ఆయనొస్తడని గొళ్లెం పెట్టకుండనే పంటానవు. నువ్వు వద్దన్నా నేను అన్న పేరు మీద పిట్టకు పెట్టిన వదినె. రాయి మీద బువ్వ, ఉడికిన గుడ్డు పెట్టి దూరం జరిగిన. ఇక్కడ కాకులు లేవు. సముద్రం మీది తెల్లపిట్టలు తిరుగుతానయిగని ముట్టలే. పోయినోళ్ల మనసుల ఉన్నదానికి మాటిస్తెనే ముడుతదంటరు గద. పిల్లను చదివిస్తనని చెప్పిన, అవ్వను అర్సుకుంటనని చెప్పిన. ముట్టకపాయె. ఆఖరికి ఏడ్చుకుంట, "వదినె ఇగ నీకోసం ఎదురుచూడది, నువ్వు పో అన్నా" అని మొక్కిన.

అప్పుడొచ్చి తిన్నది.

నిన్ను అడగకుండ మాటిచ్చిన. తప్పయితే తిట్టు. కని ఈ ఉత్తరం అందిన రాత్రి సంది తలుపుకు గొళ్లెం పెట్టుకొని పండు.

నీ మరిది