ఈమె ఎవరని అడిగితే

బళేపేట, బెంగళూరు
ఆదివారం

మునిరత్నక్కా,

అల్లుడు నిన్ను అండమాన్‌కు తీసుకుపోతున్నాడని చదివి సంతోషించాను. ఫోన్‌లో నా మాట నీకు సరిగా వినపడదు, అందుకని అక్కడ ఏ బీచ్‌లు బాగుంటాయో కాగితం మీద రాసి పంపమన్నావు. రాస్తున్నాను.

అన్నిటిలోకీ నాకు నచ్చింది రాధానగర్ బీచ్. ఇసుక జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది. వెనకాలే పెద్ద పెద్ద చెట్లు, కావలసినంత నీడ. సాయంత్రం పూట వెళ్లండి. అలలు కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి, అల్లుడి చెయ్యి వదలొద్దు. నీల్ ద్వీపంలో భరత్‌పూర్ బీచ్ నీకు సరిపోతుంది. అక్కడ లోతు తక్కువ. అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చుంటే చేపలు నీ కాళ్ల కింద తిరుగుతున్నట్టే కనిపిస్తాయి. ఎలిఫెంట్ బీచ్‌లో నోటికి గొట్టం పెట్టి నీళ్లలో ముంచుతారు, అది నీకు వద్దు. కాలాపత్తర్‌లో నల్లరాళ్లు పదునుగా ఉంటాయి, చెప్పులు విప్పొద్దు. నూలు చీరలు తీసుకుపోవద్దు. ఉప్పునీళ్లకు తడిసి బరువెక్కి నడవనివ్వవు.

ఇంతవరకు రాసి లేచాను. బియ్యం కడిగి పెట్టి మళ్లీ కూర్చున్నాను. అండమాన్ నుంచి వచ్చినప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ ఈ మాటలే చెబుతున్నాను. కోడలు భవ్యకు చెప్పాను, పక్కింటివాళ్లకు చెప్పాను. నీకు కూడా ఇంతే రాసి కవరు అంటించేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

మా వర్తకుల సంఘం వాళ్లు ఏటా ఎక్కడికో ఒకచోటికి పోతారని నీకు తెలుసు కదా. ఇంతకుముందు బస్సులో ధర్మస్థల, రామేశ్వరం. ఈసారి కుర్రవాళ్లు విమానమన్నారు, రిసార్టన్నారు. ఈయన సంఘం సెక్రటరీ పదవికి నిలబడదామని చూస్తున్నారు. అందుకని కొత్త చొక్కాలు కుట్టించుకున్నారు, నల్లద్దాలు కొనుక్కున్నారు. నన్ను కూడా చుడీదార్ వేసుకోమన్నారు. ఈ వయసులో నావల్ల కాదన్నాను. ఊరుకున్నారు.

మా గాజుల అంగడిలో కొత్త సరుకు దిగితే మొదటి డజను గాజులు గంగమ్మకు చూపించాలి. మా అత్తగారి కాలంలో అంగడి వెనక బావి ఉండేది. ఇప్పుడు బావి లేదు, నీళ్ల సంపు మూత మీద పెట్టి పసుపు కుంకుమ వేస్తాను. బయలుదేరే ముందు ఆకుపచ్చ గాజులు వచ్చాయి. సముద్రానికే పోతున్నప్పుడు సంపు దగ్గర ఎందుకని ఒక డజను బట్టలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. ఈయనకు చెప్పలేదు. చెప్తే వద్దంటారని తెలుసు.

మొదటి రోజు పొద్దున మావాళ్లంతా రిసార్టు వెనక ఇసుకలో వేసిన బల్లల దగ్గర టిఫిన్ తింటున్నారు. నేను స్నానం చేసి, ఉతికిన పాత చీర కట్టుకుని, గాజులు పట్టుకుని నీళ్ల దగ్గరికి పోయాను. కుంకుమ వేసి దండం పెట్టుకుంటుంటే కాపలావాడు విజిల్ ఊదుకుంటూ పరిగెత్తి వచ్చాడు. ఇక్కడ గాజు వేయకూడదు, పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే చోటు అన్నాడు. వాడు చెప్పింది న్యాయమే. తీసేస్తానన్నాను. వాడు నా చీర చూశాడు, చేతిలో గాజులు చూశాడు. ఇక్కడ అమ్మకూడదు, లోపలికి ఎట్లా వచ్చావని హిందీలో అడిగాడు. నాకు నవ్వొచ్చింది. బల్లల వైపు చెయ్యి చూపించాను.

ఈయన మొదటి బల్ల దగ్గరే ఉన్నారు. పక్కన నగర్తపేట నగల అంగడి హేమంత్‌కుమార్, అతని భార్య గీతాంజలి. కాపలావాడు గట్టిగా అడిగాడు, ఈమె మీతో వచ్చిందా అని. ఈయన నల్లద్దాల్లోంచి నా వైపు చూశారు. చూసి, “నహీ, మాలూమ్ నహీ” అన్నారు.

నాకు ఆ పాటి హిందీ వచ్చు.

వాడు నన్ను గేటు దాకా నడిపించి బయట విడిచాడు. చెయ్యి పట్టుకోలేదు, తిట్టలేదు. వెనక బల్లల దగ్గర నవ్వులు వినిపించాయి. రోడ్డు పక్కన కొబ్బరి బొండాల బండి ఉంటే దాని నీడన నిలబడ్డాను. బండివాడు కూడా నన్ను గాజులు అమ్ముకునేదనే అనుకున్నాడు, బేరాలు ఆ చివర హోటళ్ల దగ్గర బాగుంటాయని చెప్పాడు. ఎండ నెత్తికెక్కాక గీతాంజలి వచ్చి లోపలికి తీసుకుపోయింది. ఆ పిల్ల నా మొహం చూడలేకపోయింది.

గదిలో ఈయన మంచం మీద కూర్చుని ఉన్నారు. “నవ్వులాటకి అన్నానే. దానికింత మొగం పెట్టుకుంటే ఎట్ల?” అన్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర హేమంత్‌కుమార్, “ఏమక్కా, గిరాకీ ఎట్లుండాది? బోణీ అయిందా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈయన అన్న మాట కంటే అదే నన్ను తినేస్తున్నదక్కా. నేనెందుకు నవ్వాను? ఆ తర్వాత చూసిన ప్రతి బీచ్‌లోనూ నన్ను నవ్వమన్నారు, నవ్వాను. ఫోటోలు చూస్తే నాకంటే సంతోషంగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు. మా అబ్బాయి చేతన్ వాటిని పెద్దవి చేయించి గోడకు పెడతానంటున్నాడు.

వచ్చినప్పటి నుంచి అంగడికి పోవడం లేదు, మోకాళ్ల నొప్పి అని చెబుతున్నాను. మా అంగడిలో ఆడవాళ్లు నా చేతికి తప్ప చెయ్యి ఇవ్వరు. ఈయన తొడిగితే గాజు పగులుతుంది, చెయ్యి కోసుకుపోతుంది. “అమ్మ లేరా?” అని అడిగి వెనక్కి పోతున్నారట. పోనీ. నేనెవరో తెలియనివాళ్ల అంగడిలో నాకేం పని? ఇక ఆ మెట్టు ఎక్కకూడదని అనుకుంటున్నాను. ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు. చదివి చింపెయ్యి.

నీ వెంకటి


చింతామణి
గురువారం

వెంకటీ,

చింపలేదు. మీ బావ చిన్నప్పకు చదివి వినిపించాను. తిట్టుకో.

నీకు చిన్నప్పటి నుంచి ఇదే జబ్బు. ఎవరు గిల్లినా ముందు నువ్వే నవ్వుతావు. వాళ్లకు నొప్పి తెలియకూడదని కాబోలు. మీ ఆయన గోపాలప్ప చేసింది తప్పు, అది నువ్వు దిద్దలేవు. నీ నవ్వు మాత్రం నీ నోట్లోనే ఉంది కదా, దాన్ని ఆపుకో. ఏడవమనడం లేదు, పోట్లాడమనడం లేదు. మళ్లీ ఎవరైనా ఆ మాట ఎత్తితే నవ్వకు, చాలు.

అంగడికి పోవడం మానొద్దు. నువ్వు మానేస్తే, ఆ కాపలావాడు గేటు దగ్గర దింపినట్టు నిన్ను నువ్వే దింపుకున్నట్టు.

ఇంకో మాట. అల్లుడికి సెలవు దొరకలేదు. టికెట్లు ముందే కొన్నాడు, తనది రద్దు చేసి నీ పేరున తీస్తానన్నాడు. నాతో రా. నాకు చెవులు లేవు, నీకు నోరు లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం.

మునిరత్న


బళేపేట
సోమవారం

అక్కా,

నిన్న సంఘం భోజనాలు జరిగాయి. పోకూడదనుకున్నాను. నీ ఉత్తరం చదివాక పోయాను. టూరు ఫోటోలు గోడ మీద పెద్దగా వేసి చూపించారు. ఒక్కో ఆడమనిషినీ నీకు నచ్చిన బీచ్ ఏదని మైకులో అడుగుతున్నారు. రాధానగర్ అని ఒకరు, ఎలిఫెంట్ అని ఒకరు. నా వంతు వచ్చేసరికి మైకు హేమంత్‌కుమార్ చేతిలో ఉంది.

“మా వెంకటలక్ష్మక్కని అడిగేదేముందప్పా. యాపారం బాగా జరిగిన బీచే ఆయమ్మకు నచ్చుతాది” అన్నాడు. “అక్కా, ఇప్పుడన్నా చెప్పు. ఈ గోపాలప్ప ఎవరో నీకు తెలుసునా?”

హాలంతా గొల్లుమంది. నేను నవ్వలేదు. నేను చేసింది అంతే అక్కా. ఆకు ముందు కూర్చుని అతని వైపు చూస్తూ ఉన్నాను. నవ్వులు ముందు నా పక్కన ఆగాయి, తర్వాత వెనక వరుసలో ఆగాయి. హేమంత్‌కుమార్, “ఏమక్కా, జోకుకి అంటే...” అన్నాడు. గీతాంజలి లేచి అతని చేతిలో మైకు లాక్కుంది.

ఈయన కూడా నవ్వుతూనే ఉన్నారు. నన్ను చూసి ఆపేశారు. పెరుగన్నం కలుపుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

“జోకు కాదులేప్పా అది. నేను నిజంగానే తెలీదన్నా. పాత చీర కట్టుకోని ఉండాదని నాకు నామోషీ అయింది.”

ఎవరో పాయసం తెమ్మని కేకేశారు. ఈయన ఆకు మడిచేసి లేచిపోయారు. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. నలుగురిలో తల వంచుకుని చేతులు కడుక్కుంటున్న మనిషిని చూస్తే నాకే సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు వేరుగా ఉంది. నా సిగ్గు మాత్రం నా మీద నుంచి కొంచెం దిగింది.

ఈరోజు అంగడికి పోయాను. ఒక కొత్త పెళ్లికూతురికి రెండు చేతులకూ తొడిగాను. ఒక్కటీ పగల్లేదు. ఈయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నారు. ఆ పిల్ల పోయాక, అండమాన్‌కు నేనూ రానా అని అడిగారు, ఇంకో టికెట్టు తీసుకుంటానన్నారు.

“వస్తే రావచ్చు. గేటు దగ్గర ఈయప్ప ఎవరని అడిగితే నేనేమని చెప్పల్ల?” అన్నాను.

బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ ఉండిపోయారు. మనిద్దరమే పోదామక్కా. ఈయన సెక్రటరీ పదవికి పేరు ఇవ్వలేదని చేతన్ చెప్పాడు, నేను అడగలేదు.

సాయంత్రం షట్టరు దించుతూ, “తిరిగి వస్తావు కదా?” అన్నారు. వినపడనట్టు ముందుకు నడిచాను. నీకు రాస్తున్నాను, వస్తాను. ఆయనకు ఇంకా చెప్పలేదు. కొన్నాళ్లు చెప్పను.

నీ చెల్లెలు
వెంకటలక్ష్మి