పాట చివర పేరు

డైరెక్టరు గారికి,

మీరు పంపిన స్క్రిప్టు అందింది. అమ్మ జీవితకథ అన్నారు కదా అని పెన్సిలు పట్టుకుని గుర్తులు పెట్టుకుంటూ చదివాను. తొంభై పేజీల్లో అమ్మ ఇరవై రెండింట్లో ఏడ్చింది, తొమ్మిదింట్లో పాడింది. మిగతాదంతా మా నాన్నగారి గొప్పతనమే.

అరవై నాలుగో పేజీలో, రికార్డింగు గదిలో నాన్నగారు అమ్మ భుజం తట్టి, "భయపడకు, నీ పేరు లోకానికి చెప్పు" అంటారు. ఆ రోజు ఆయన అన్నం మానేసి, ఇంట్లో అలిగి పడుకున్నారండీ. సంసార స్త్రీ పేరు బయటికి రాకూడదని, గ్రామఫోను రికార్డు మీద "ఒక గృహిణి" అని వేయమని కంపెనీకి చీటీ రాసింది కూడా ఆయనే. ఆ చీటీ నా బీరువాలో ఉంది.

అమ్మ పాట ముగించి, అదే ఊపిరిలో తన పేరు చెప్పేసింది. ఆ రోజుల్లో మైనం ప్లేటు మీద పడ్డ గొంతును చెరపడానికి వీలుండేది కాదు, మళ్ళీ పాడించాలంటే ఇంకో ప్లేటు ఖర్చు. "ప్లేటు పాడు చేశావు కదమ్మా!" అని మేనేజరు నెత్తీ నోరూ బాదుకున్నాడట. "ప్లేటు మీ కంపెనీదైతే గొంతు నాదండీ" అందట అమ్మ.

అమ్మ తెగించి చేసిన ఆ ఒక్క పనినీ నాన్నగారి ఖాతాలో వేయడానికి మీకు చేతులెలా వచ్చాయి? హీరోగారికి సీన్లు చాలకపోతే అలిగి పడుకున్న సీను ఇవ్వండి. అందులో ఆయనొక్కరే కనిపిస్తారు.

అనుమతి పత్రం తిప్పి పంపుతున్నాను. దాని మీద నా సంతకం ఉండదు. నాన్నగారు ముచ్చటపడ్డ పేరుతోనే సరిపెట్టుకోండి.

ఇట్లు,
ఒక గృహిణి