గొట్టంలో చుట్ట

బావా,

నిన్న నీ సంవత్సరీకం. నీకిష్టమైనవన్నీ నీ పటం ముందు పెట్టాం. జ్యోతినగర్ నుంచి మా చెల్లెలి మొగుడు, ఆ ఇంజనీరు, నీ కోసమని ఒక అల్యూమినియం గొట్టం తెచ్చాడు. అందులో చుట్ట ఉందట. చుట్ట అనకూడదట, సిగార్ అనాలట.

"గొట్టంల ఉన్నదే అసలైంది వదినా. ఎండిపోదు, వాసన బయటికి రాదు" అన్నాడు.

"గట్లనా. ఇంతకూ కాల్చేది గొట్టమా, చుట్టనా?" అన్నాను.

వాసన బయటికి రాని చుట్ట ఎవరికి కావాలి? నువ్వు షిఫ్టు దిగి వస్తుంటే సందు మలుపులోనే నీ చుట్ట వాసన తగిలేది, నేను లేచి కంచం కడిగేదాన్ని. చుట్టకు చొక్కా తొడిగితే దొర అవుతుందా? చివరికి ఆయనే వెలిగించి, రెండు దమ్ములు లాగి, కళ్ళ నీళ్ళు వచ్చేలా దగ్గాడు. మిగిలింది పెంటలో పారేశాను.

గొట్టం మాత్రం ఉంచుకున్నాను. గనిలోకి చుట్ట తీసుకుపోనివ్వరని, ఆఖరి డ్యూటీకి పోతూ నువ్వు కిటికీలో పెట్టిన సగం ముక్క ఉంది కదా. ఈమధ్య ముక్కుకు ఆనించుకున్నా దాని వాసన సరిగా తెలియడం లేదు. దాన్ని అందులో పెట్టి, మూత గట్టిగా బిగించాను.