నల్ల పెట్టెలోని మైకే ఉంచండి

ఏవండీ,

వంట మూతపెట్టి ఉంచాను. చూడ్డానికని తెచ్చిన మూడు మైకు సెట్లలో నల్ల పెట్టెలోది ఉంచేసుకోండి. మిగతా రెండూ సాయంత్రం కొట్టతను వస్తే ఇచ్చేయండి. ఇంకెవరి దగ్గరా సలహా అడగొద్దు, ఊరంతా ఇప్పటికే ఇచ్చేసింది.

నిన్న దాని రిసీవర్ని వెనకవీధి హాల్లో స్పీకరుకు తగిలించి, కాలరు మైకు చొక్కాకి పెట్టుకుని, ఎంత దూరం పనిచేస్తుందో చూస్తానంటూ ఇంటికొచ్చారు. తర్వాత ఆపడం మరిచిపోయారు. తడి తువ్వాలు మంచం మీద పడేశారని మనం పోట్లాడుకున్నదంతా అక్కడ రిటైరైన మాస్టార్ల సభకి వినిపించిందట. అధ్యక్షుడుగారు ఉపన్యాసం ఆపి మరీ విన్నారట.

"ఇన్ని గోడలు దాటినా ఒక్క అక్షరం కూడా చెదరలేదమ్మా!" అని పొద్దున్నే వాళ్ల కార్యదర్శిగారు వచ్చి మెచ్చుకున్నారు. తప్పెవరిదో తేల్చడానికి చేతులు కూడా ఎత్తించారట. మీ వైపు ఎత్తింది మీ అన్నయ్యగారొక్కరే.

ఇవాళ్టి సభలో నన్ను 'సంసారంలో ఓర్పు' గురించి మాట్లాడమన్నారు. అక్కడికే వెళ్తున్నాను. కాదంటే బాగుండదు కదా.

తా.క. నేను విసవిసా వెళ్లిపోయాక, "అది మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు" అని మీలో మీరే అనుకున్నారట. హాలంతా విని చప్పట్లు కొట్టిందట. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముక్క విననిదాన్ని నేనొక్కదాన్నే. రాత్రికి మైకు లేకుండా ఒక్కసారి అనండి.