రాజవ్వకు వెళ్లిన పాత రిపోర్టు

జగిత్యాల, మంగళవారం

మధ్యాహ్నం బోయినపల్లి రాజవ్వ బిడ్డ మా రక్తపరీక్షల ల్యాబుకు వచ్చింది.

"కిడ్నీలు మంచిగున్నయని మీ కాగితంలనే ఉండె గదా సారూ. గందుకే దవాఖానకు పోలే. ఇప్పుడు అవ్వకు సోయి లేదు, కండ్లు తెరుస్తలేదు."

ఆ కాగితంలో తేదీ ప్రింట్ తీసిన రోజుదే, అంకెలు మాత్రం పోయిన నెలవి. కౌంటర్లో ఉండే నసీమ్ భాయ్ తల దించుకుని, "నాదే గల్తీ అయ్యుంటది బిడ్డా" అన్నాడు. ల్యాబులో కంప్యూటర్ పని చూసే నేను పక్కనే ఉండి, ఆ తప్పు ఆయన మీదే పడనిచ్చాను.

నేను రాసిన ప్రోగ్రాం ఒక్కొక్క రోగి ఫైల్లో పాత ఫలితం తీసేసి కొత్తది రాయాలి. అప్పుడప్పుడు ఒకరిది రాయకుండా వదిలేస్తుందని నాకు తెలుసు. మళ్లీ నడిపిస్తే రాసేది, అందుకే పట్టించుకోలేదు. ఇవాళ కారణం దొరికింది. ప్రింట్ కోసం ఎవరైనా ఫైల్ తెరిచి ఉంచితే అందులో రాయలేకపోతోంది. అలాంటప్పుడు ఆగకుండా తర్వాతి పేరుకు వెళ్లమని రాసింది నేనే.

ప్రోగ్రాం సరిచేశాక నసీమ్ భాయ్‌కి నిజం చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు.

"ఇంకెంతమందికి గిట్ల పోయినయ్?" అని మాత్రం అడిగాడు.

వదిలేసిన పేర్లు ఎక్కడైనా రాసిపెట్టమని నేను ప్రోగ్రాంకు ఎప్పుడూ చెప్పలేదు.